ఎండ వచ్చేదాకా

లిన్‌షాపింగ్‌లో బట్టలు ఉతుక్కోవాలంటే
ముందు గోడమీది పలకకి తాళం వేయాలి.
తారీఖుకో వరుస, గంటకో చిల్లు.
పేరుకి బదులు గది నంబరున్న చిన్న ఇత్తడి తాళం.
మంగళవారం, రాత్రి ఏడు నుంచి తొమ్మిది.
ఆ రెండు గంటలే
ఈ దేశంలో నాకున్న స్థిరాస్తి.

మిగతావన్నీ అద్దెవి, అరువువి.
సైకిలు నాకు ముందు ముగ్గుర్ని మోసింది,
గొలుసు మూలుగుతూ ఆ సంగతి చెబుతుంటుంది.
ఫ్రిజ్జులో రెండో అర, ఎడమ సగం నాది;
కుడి సగం లెవాన్‌ది. వాడి జార్జియా చీజుకీ
నా ఇంగువకీ మధ్య
ఇంకా ఏ ఒప్పందమూ కుదరలేదు.

నవంబరు. మూడున్నరకే వీధి దీపాలు.
లాబులోంచి బయటికొస్తే
మధ్యాహ్నాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టుంటుంది.
అలాంటి ఒక మంగళవారం
పప్పుగిన్నె దించిన తుండుగుడ్డ
మిషను డ్రమ్ములో అతుక్కుని ఉండిపోయింది.
నేను చూసుకోలేదు.
నా తరవాతి వంతు రెండో అంతస్తు గున్‌వోర్ గారిది.

తెల్లారేసరికి తలుపుకి చీటీ.
ఎర్ర పెన్ను, మూడు ఆశ్చర్యార్థకాలు.
ఒక్కో మాటా ఫోనులో వెతుక్కున్నాను:
దుప్పటి. నార. అమ్మమ్మ నేసినది. తెలుపు.
ఇప్పుడు?
ఆ ప్రశ్న దగ్గర కాగితం చిరిగి ఉంది.

అప్పుడే నేర్చుకున్న "క్షమించండి"ని
లవంగంలా బుగ్గన పెట్టుకుని మెట్లు దిగాను.
ఆవిడ ఏమీ అనలేదు. దుప్పటి విప్పింది.
నడిమధ్యన అరచేయంత పసుపు,
సబ్బు రుద్దిన చోటల్లా పారాణి ఎరుపు.

నవ్వకూడని చోట నవ్వొచ్చింది నాకు.
చదువుతున్నది కెమిస్ట్రీ మరి:
క్షారం తగిలితే ఎరుపు, ఆమ్లం పడితే మళ్ళీ పసుపు,
పరీక్షలో అయితే ఐదు మార్కులు.
వచ్చీరాని స్వీడిష్‌తో, మిగిలింది చేతులతో చెప్పాను:
సబ్బు వద్దు. వేడినీళ్ళు వద్దు.
ఎండలో ఆరేయండి, అదే పోతుంది.
మా మేడమీదైతే ఒక్క పూట.

సూల్, అన్నాను. ఎండ.
పలికింది తప్పేమోనని ఇంకోసారి, సూల్.

ఇద్దరం కిటికీ వైపు చూశాం.
ఆకాశం
తోమని సత్తుగిన్నె.

ఆవిడ దగ్గిందో నవ్విందో తెలీదు.
రాబోయే ఏడాది క్యాలెండరు ఇంకా చుట్టలోనే ఉంది,
దాన్ని విప్పి, మార్చి దాకా వెళ్ళి,
ఒక ఆదివారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది.

ఆ తరవాత ప్రతి మంగళవారం
మిషను మూతమీద ఒక చీటీ నాకోసం.
ఒకే మాట: "తుండుగుడ్డ?"
కింద నేను రాసేదాన్ని: "లేదు."
అలా చలికాలమంతా ఉత్తరాలు రాసుకున్నాం.
వీసా ఆఫీసులో నోరు పెగలని నాకు
నూలు జాలీ శుభ్రం చేయడం గురించి మాత్రం
తప్పులేకుండా మాట్లాడటం వచ్చింది.
జనవరిలో ఒకసారి చీటీ పక్కన దాల్చినచెక్క బన్ను ఉంది.
ప్రశ్న మాత్రం అదే.

ఆ ఆదివారం ఎండ రాలేదు. మంచు కురిసింది.
పెన్సిలు సున్నా ఎన్నిసార్లు చెరిగి జరిగిందో
నాకు తెలీదు.

చివరికి వచ్చిన రోజు, మర్నాడు నాకు పరీక్ష.
లైబ్రరీకని బయల్దేరితే
ఊరు ఊరంతా గోడలకి వీపు ఆనించి,
కోటు బొత్తాలు విప్పి, కళ్ళు మూసుకుని
మొహాలు ఆరేసుకుంటోంది.
బస్టాపు దగ్గర ముసలాయన, బ్యాంకు మెట్లమీద అమ్మాయిలు,
పోస్టు బండి పక్కన పోస్టుమ్యాను.
ఎవరూ మాట్లాడటం లేదు.

రెండో అంతస్తు బాల్కనీలో దుప్పటి.
కళ్ళు చికిలించి వెతికాను.
మరక ఉన్న చోటు నాకు తెలుసు కాబట్టి
ఇంకా ఉన్నట్టే అనిపించింది.
పక్కన కుర్చీలో గున్‌వోర్ గారు,
ఆవిడ మొహమూ ఎండకే.

సైకిలు ఆపాను. గొలుసు మూలిగింది.
కళ్ళు తెరవకుండానే పైనుంచి అడిగింది:
"తుండుగుడ్డ?"

"లేదు," అన్నాను,
గోడ పక్కన కాస్త చోటు చూసుకుంటూ.