నలభై ఏడో పద్దు

మా ఊళ్ళో ఏప్రిల్ కూడా చలికాలమే.
మొక్కజొన్న చేలు మంచు కింద ఇంకా మొద్దునిద్రలో ఉంటాయి.
యూనివర్సిటీ కొసన, ట్రాక్టర్ల షెడ్డు దాటాక
తెల్లగా ఉబ్బిన డోము,
దాని కడుపులో నాలుగు టెన్నిసు కోర్టులు.
స్తంభం లేదు, దూలం లేదు.
రాత్రీ పగలూ హోరుమనే ఒక్క పంకా
దాన్ని నిలబెడుతుంది.
ఆ పంకా తాగే కరెంటు
నా పుస్తకంలో నలభై ఏడో పద్దు.

నేను లేలండ్ స్ట్రాండ్‌ని. క్రీడల విభాగంలో లెక్కలు రాస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా ఒక్క ఆటా చూడలేదు.
చూడాలని ఎవరూ అనలేదు, నాకూ అనిపించలేదు.
కోచ్ మార్లిస్ ఓవర్‌గార్డ్ నెలాఖరున వచ్చి
కాఫీ మరకల కవరొకటి బల్ల మీద పెట్టి
మోకాలు పట్టుకుని మెట్లు దిగిపోయేది.
అంతే మా పరిచయం.

ఫిబ్రవరిలో మీటింగు.
"అంకెలే మాట్లాడతాయి" అన్నాడు ఉపాధ్యక్షుడు.
ముప్ఫై ఏళ్ళు వాటితో కాపురం చేసినవాణ్ణి,
నాకు తెలుసు:
ఎవరు అడిగితే వాళ్ళ గొంతుతోనే మాట్లాడతాయి అవి.
మార్లిస్ ఒకే ఒక్క కాగితం తెచ్చింది,
తొమ్మిది మంది ఆడపిల్లల మార్కులు.
అన్ని జట్లలోకీ వీళ్ళవే ఎక్కువ.
కాగితం బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి
దాని మీద ఎవరిదో కప్పు అడుగు, గుండ్రంగా.

జట్టు రద్దు. ఉత్తర్వు టైపు చేసింది నేనే.

ఖాతా మూయాలంటే పాత రసీదులన్నీ తిరగెయ్యాలి.
తిరగేస్తూ పోతే
ఉన్నవాటి కన్నా లేనివి కంటపడ్డాయి.
రాకెట్ల తీగలకి ఒక్క డాలరూ లేదు, ఏ ఏడాదీ.
బయటి ఊరి ఆటలకి ఎప్పుడూ హోటల్లో ఒక గది తక్కువ.
ఫోన్ చేసి అడిగాను.
"తీగలు మా గరాజులో నేనే బిగిస్తాను,
మా ఆయన మిషనుంది."
"మరి గది?"
"నాది గురక, లేలండ్. వ్యానులో పడుకుంటాను.
పొద్దున పిల్లలకి కెమిస్ట్రీ పరీక్ష ఉంటుంది కదా."
ఆ పరీక్షకి కాపలా కూడా తనేనట,
వెనక సీట్లో,
పరుగులు కొలిచే స్టాప్‌వాచీ పట్టుకుని.

చివరి ఆటకి వెళ్ళాను. టై కట్టుకుని వెళ్ళాను,
ఎందుకో నాకే తెలీదు.
చూసేవాళ్ళం పదకొండు మందిమి, ఒక ముసలి కుక్క.
జోర్కా వుకెలిచ్, మూడో కోర్టు.
అంపైరు ఎక్కడో చివర ఉన్నాడు.
ఈ ఆటలో ఎవరి గీతకి వాళ్ళే సాక్షులట,
పక్కనున్నావిడ చెప్పింది.
ఓడిపోయే పాయింటు.
అవతలి పిల్ల కొట్టిన బంతి
జోర్కా వెనక మూల పడింది.
నాకు కనబడలేదు, కొట్టిన పిల్లకీ కనబడలేదు,
అప్పటికే తల దించుకుంది.
బయట పడిందని ఒక్క మాట అంటే చాలు.
జోర్కా గీత వైపు చూసింది.
"లోపలే" అంది.
నెట్ దగ్గరికి నడిచింది, చెయ్యి చాపి.

తన పేరు మీద తానే ఖర్చు రాసుకునే మనిషిని
ఈ ఉద్యోగంలో నేను చూడలేదు.
నా చేతులేం చెయ్యాలో తోచక
టై ముడి వదులు చేసుకున్నాను.

మేలో పంకా ఆపారు. సంతకం నాది.
డోము ఒక్కసారిగా కూలదు.
నలభై నిమిషాలు పట్టింది,
పెద్ద జంతువేదో ఆలోచించుకుంటూ పడుకున్నట్టు.
మార్లిస్ కంచె దగ్గర నిలబడి చూసింది,
చేతులు కోటు జేబుల్లో.
అంతా నేలకి అతుక్కున్నాక
రెండో కోర్టు నడుమ గుడ్డ కింద చిన్న బొడిపె.
"తీయమంటారా?" అన్నాడు పనివాడు.
"ఉండనీ" అంది మార్లిస్.

ఆస్తుల జాబితా ఆ సాయంత్రమే పంపాలి.
రాశాను:
డోము ఒకటి. పంకా ఒకటి. నెట్లు నాలుగు.
కాసేపాగి, కింద,
బంతి ఒకటి.