ఏడో నంబరు బావి

సైనికులు వెళ్ళిపోయి ముప్పై ఏళ్ళు.
రన్‌వే పగుళ్ళలో మొలిచిన బర్చ్ చెట్లు
నా తల దాటి పోయాయి.
వాళ్ళు పారబోసిన విమానాల కిరోసిన్ మాత్రం
ఎక్కడికీ పోలేదు.
సున్నపురాయి సందుల్లో
నీళ్ళ మీద పక్కేసుకుని పడుకుంది.

ఎస్టోనియాలో ఈ మూలకి
హెల్యు కాపురానికొచ్చిన ఏడు
మొగుడు ఎండెల్ బొక్కెనతో నీళ్ళు తోడి
అగ్గిపుల్ల గీసి చూపించాడట.
నీళ్ళు నీలంగా మండాయి.
"నవ్వాం. ఏం చేస్తాం, నవ్వాం.
ఆ చలికాలమంతా మా ట్రాక్టరు
బావి తాగే నడిచింది.
మేం తాగడానికి మాత్రం
నాలుగు కిలోమీటర్లు, సైకిలు మీద."

ఆ పెరటి బావికి మేం పెట్టిన పేరు ఏడో నంబరు.
నెలకోసారి వస్తాను,
సీసాలు, ఐసుపెట్టె, ఒక పొడవాటి గొట్టం.

మొదటిరోజు అడిగింది:
"ఆ సూక్ష్మజీవుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చి పోస్తారు?"
తేవడం లేదు, ఇక్కడివే.
ఏ సైన్యమూ రాకముందు నుంచీ
ఈ మట్టిలోనే ఉన్నాయి.
కంచం నిండా కూడుంది,
తినడానికి ఊపిరాడటం లేదు వాటికి.
మేం పంపేది గాలి.
పైన చిటికెడు ఎరువు, మీరు బంగాళదుంపలకి వేసేదే.

"అంతేనా!" అంది,
మరి నీకు జీతమెందుకన్నట్టు.

నేల కింద ఏడాదంతా ఆరు డిగ్రీలు.
అంత చలిలో ఎవరు మాత్రం గబగబా తింటారు?
మూడేళ్ళకి అంకె సగమైంది.
ఆ వసంతంలో మంచు కరిగి, నీటిమట్టం లేచి,
రాళ్ళకంటిన పాత నూనె కడుక్కొచ్చి
మళ్ళీ మొదటికి.
ఆ కాగితం ఆమెకి చూపించలేదు.
ఆమె అడగలేదు.
రై రొట్టెకి వెన్న రాసి పెట్టింది.

మధ్యలో ఎండెల్ పోయాడు.

ఇవాళ, పదకొండో ఏడు,
గొట్టం పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను
(అలా వాసన చూడకూడదు, నిబంధన).
రాయి వాసన. తడి వాసన.
ఇంకేదీ రాలేదు, ఎంత పీల్చినా.

హెల్యు లోపలికెళ్ళి అగ్గిపెట్టె తెచ్చింది.
గీసి సీసా మూతికి ఆనించింది.
పుల్ల వేలిదాకా కాలి ఆరిపోయింది.
నీళ్ళు ఊరుకున్నాయి.

"మరి అవి? తిండి అయిపోయాక?"
చాలామట్టుకు చచ్చిపోతాయి.
కొన్ని సద్దుమణిగి, ఎప్పట్లా, కొంచెంతో బతుకుతాయి.
కాలిన పుల్లని
ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"తాగొచ్చా?"
రెండు వారాలాగండి, ల్యాబ్ వాళ్ళు చెప్పాలి.
"యాభై రెండేళ్ళు ఆగాను" అంటూ
మిగిలిన సీసా నా చేతిలోంచి లాక్కుని
ఆపిల్ చెట్టు మొదట్లో ఒంపింది.
"ముందు దీనికి."