మందు వేయని బస్తా

జూన్‌లో, దెడ్జా కొండల కింద,
ఎనిఫా ఇంటి వసారాలో మూడు బస్తాలు నిలబెట్టాను.
ఒకదానిలో పురుగుమందు పొడి, పిండిలా తెల్లగా.
ఒకదానిలో వేపాకు, పొయ్యి బూడిద.
మూడోదానిలో ఏమీ లేదు.
అంటే మొక్కజొన్నలే ఉన్నాయి.
మా కాగితాల భాషలో దాన్ని ఏమీ లేకపోవడం అంటారు.

"దీనికెందుకు వెయ్యవు?" అంది.
ఇది పాడైతేనే గదమ్మా,
అది పాడవలేదని మాకు తెలిసేది, అన్నాను.
ఆమె నవ్వలేదు.
బస్తా మూతి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది,
సంతకు తోలబోయే మేక మెడ పట్టుకున్నట్టు.

నెలకోసారి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి.
కిలో గింజలు జల్లెడ పట్టి
తెల్ల పళ్లెంలో పురుగుల్ని లెక్కపెట్టడం నా పని.
ముక్కుపురుగు మహా నటి.
కాళ్లు ముడుచుకుని చచ్చినట్టే పడుంటుంది.
దగ్గరగా ఊపిరి ఊది, రెండు నిమిషాలు ఓపిక పట్టాలి.
బతికున్నది నడుస్తుంది.
మందు బస్తాలో ఆగస్టులో అన్నీ చచ్చినవే,
అక్టోబరులో నాలుగు నడిచాయి,
డిసెంబరులో పదకొండు.
బూడిద బస్తా సంగతి ఎందుకులే.
మూడోదానికి జల్లెడే అక్కర్లేదు, చెవి ఆనిస్తే చాలు:
ఎండుటాకుల మీద ఎవరో
ఆగకుండా నడుస్తున్న చప్పుడు.

జనవరి. వానలు. చేలో కంకి ఇంకా పాలు కూడా పోసుకోలేదు.
ఊళ్లో పొయ్యిలు రోజుకొక్కసారే పొగవేస్తున్నాయి.

మూడో బస్తా తూచాను.
మళ్లీ తూచాను.
త్రాసు మీద అనుమానమొచ్చి
సైకిల్ పంపు తగిలించి చూశాను. త్రాసు బాగానే ఉంది.
ఇంత తరుగు ఏ పురుగూ చెయ్యదు.
పురుగు తింటే అడుగున పిండి మిగులుతుంది,
చిల్లులు పడ్డ డొల్లలు మిగులుతాయి.
ఇక్కడ దోసెడు పిండి లేదు.
ఏమీ మిగల్చకుండా తినే జీవి
నాకు తెలిసి ఒక్కటే.

మందు బస్తా ముడి మాత్రం నేను వేసింది వేసినట్టే ఉంది.
ఏప్రిల్ దాకా విప్పొద్దని చెప్పింది నేనే.
మాట మీద నిలబడింది ఎనిఫా,
నిండు బస్తా పక్కన.

"బాంబో, తిని వెళ్లు" అంది.
న్సిమా, గుమ్మడాకు కూర.
ముద్ద తెల్లగా లేదు, బూడిద రంగు తిరిగింది.
నాలుక మీద పెట్టగానే తెలిసిపోయింది ఆ చేదు,
ఏడేళ్లుగా జల్లెడలో నేను వాసన చూస్తున్నదే.
చిన్నపిల్ల తియామికే రెప్ప వెయ్యకుండా చూస్తోంది,
రెండో ముద్ద తీసుకుంటానా అని.
తీసుకున్నాను.

పుస్తకంలో తరుగుకి కారణం రాసే గడి వేలెడంత ఉంటుంది.
పెన్సిల్ చెక్కాను. బాగున్న ములుకును ఇంకాస్త చెక్కాను.
"నంకఫుంబ్వే" అని రాశాను. పురుగులు.
ఆ ఏడాది మా లెక్కల్లో మందు బ్రహ్మాండంగా పనిచేసింది.

తిరుగుదారిలో ఎత్తు ఎక్కుతుంటే
ఎప్పుడూ వచ్చే ఆయాసం రాలేదు.
తిని ఉన్నాను.