పిచ్చమ్మ చివరి మ

మిర్చియార్డు తూకం చీటీలో
ఏడో గడికే పేరు తెగిపోయింది:
పిచ్చమ్.
"నా చివరి మ ఎవరు తిన్నారయ్యా?"
పొల్లు మీద వేలుపెట్టి అడిగింది పిచ్చమ్మ.

మెషీన్‌కి ఒత్తు వేరు, గుడి వేరు.
నోటికి మూడే అక్షరాలు.

అరండల్‌పేట గదిలో, కరెంటు వస్తూ పోతూ ఉండగా
అక్షరం విరక్కుండా పేరు కోసే ఫంక్షన్ రాశాను.
నలభై లైన్లు. లైబ్రరీకి పంపితే
రెండుసార్లు తిప్పికొట్టారు,
ఖాళీలు ఎక్కువని ఒకసారి,
పరీక్ష ఏదని ఒకసారి.
పరీక్షకి ఆమె పేరే ఇచ్చాను.

ఇప్పుడా భాషలో ఎవరు ఏ మూల ఏం మార్చినా
ముందు పిచ్చమ్మ నిండుగా పలకాలి,
లేకపోతే గడప దాటనివ్వరు.

ఆమెకి చెప్పాను.
కొంగు అడ్డంపెట్టుకుని రెండు తుమ్ములు తుమ్మి
"సర్లే, ముందు కాటా చూడు" అంది.