లొల్ల లాకుల దగ్గర

డ్రైవరు రాస్తున్నానంటే
ఇంటి ఓనరు పేరంశెట్టి గారు "ఏ లారీకమ్మా?" అన్నారు.
నవ్వు రాలేదు. అప్పటికి మూడు రాత్రులుగా
నీలి తెర తప్ప వేరే రంగు చూడలేదు నేను.

కొబ్బరిపీచు సంఘానికి నాలుగు ఊళ్ళు, నాలుగు సర్వర్లు.
ఏ లెక్క ఏ ఊళ్ళో దాక్కుందో గుమాస్తాకి తెలియక్కర్లేదు,
తన బల్లమీదే ఉందనుకుంటే చాలు.
ఇన్నాళ్ళూ మధ్యలో ఓ దుబాసీ ప్రోగ్రాం కూర్చుని
అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరేసేది.
ఫైలు తెరుచుకునేలోగా టీ చల్లారిపోయేది.
దాన్ని లేపేసి
నేరుగా కెర్నెల్లోకే వెళ్ళి మాట్లాడాలని నా పంతం.
లోపలి మర్యాదలు వేరు.
ఒక్క చిరునామా తప్పు చదివితే
తిట్టరు, అడగరు,
మెషీను మొత్తం పడుకుంటుంది.

ఆదివారం ముమ్మిడివరంలో మంగాదేవి
నూట నలభై బేళ్ళని దిద్దింది.
రాజోలు తెరమీద ఇంకా నూట పద్నాలుగే.
రెండూ నిజమేనని నా కోడు సాక్ష్యం చెప్పింది.
ఎప్పుడో దాచుకున్న పేజీని
పొద్దున్న కోసిన తోటకూరలా అమ్ముతోంది.

కాలవగట్టు మీదికి పోయి నిలబడ్డాను.
లస్కరు ముత్యాలు గేటు మరకి గ్రీజు పూస్తున్నాడు.
"దిగువ లాకు మూసారో లేదో నీకెలా తెలుస్తుంది?"
"ఫోనొస్తుంది."
"రాకపోతే?"
"రాకపోతే మూసినట్టు కాదు గదమ్మా,"
గ్రీజు చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ
మళ్ళీ పనిలో పడ్డాడు.

మౌనం అర్ధాంగీకారమన్నది పెళ్ళిచూపుల్లో చెల్లుతుందేమో.
నా కోడులో అది పూర్తి అంగీకారమై కూర్చుంది.

ఆ రాత్రి పదిహేడు లైన్లు కొట్టేసి నాలుగు రాసాను.
దాచుకున్న ప్రతి పేజీకీ గడువు.
గడువులోగా కబురు రాలేదా,
ఉన్నది పారబోసి, మళ్ళీ అడుగు.
రెండుసార్లు కరెంటు పోయింది.
మొదటిసారి తిట్టాను.
రెండోసారి, చీకట్లో,
పరీక్షంటే ఇదే కదా అని వేళ్ళమీద సెకన్లు లెక్కపెట్టాను.

నెల తర్వాత మంగాదేవి ఫోను.
"ఏదో మార్చామన్నారు, ఏం మార్చారండీ?
అంతా మామూలుగానే ఉంది!"
ఫిర్యాదులాగే అంది.

తెరమీద సి, డి, ఉన్నట్టుండి జి.
"జి అంటే గోదావరేనా?" అనడిగింది.
ఈ, ఎఫ్ పెన్ డ్రైవులు ఆక్రమించాయి, అంతే.
ఔనన్నాను.