బూడిదరంగు చొక్కా

జహ్రా బజారులో షట్టరు సగం దించాక
నా అసలు పని మొదలవుతుంది.

ముందు చొక్కా మార్చుకుంటాను.
ఎర్ర చొక్కాతో కూర్చుంటే తెరలో ముఖాలన్నిటికీ
లేని సిగ్గు వస్తుందని
ఉస్తాద్ రమ్జీ మొదటి రోజే చెప్పాడు.
గోడకు బూడిదరంగు, బల్లకు బూడిదరంగు,
నాకూ అదే.

తెర అరగంట వేడెక్కాలి.
ఈలోగా ఒక సులేమానీ, చక్కెర తక్కువ.
బయట దుమ్ము లేచింది.
వీధి దీపాలు పసుపు నీళ్ళలో మునిగినట్టున్నాయి.
పరదా లాగేశాను.
ఊరి రంగు లోపలికి రాకూడదు.

తర్వాత ఆ నల్ల బిళ్ళ.
వైరుకు వేలాడదీసి తెర మధ్యన ఆనిస్తే
డాక్టరు గొట్టంలా
చెవి పెట్టి వింటుంది:
ఎరుపు, ఇంకాస్త తగ్గిన ఎరుపు,
ఆకుపచ్చ, నీలం,
ఒకదానికొకటి తోబుట్టువుల్లాంటి నలుపులు పదహారు.

వెలుగు తొంభైకి దించాను.
తెలుపును అయిదు వేలకు తెచ్చాను.
మొదట అది ఉతికి ఉతికి పచ్చబారిన గుడ్డలా ఉంటుంది.
అయిదు నిమిషాలకు తెల్లబడుతుంది,
తెర కాదు, మన చూపు.
కళ్ళంత త్వరగా రాజీపడే మనిషిని
నేనింకా చూడలేదు.

ఇంత ఖరీదు తెర
కాగితం కలలోనైనా ఎరగని పచ్చలు చూపిస్తుంది.
దీనితో చిక్కే అది.

ఓబులేసు ఫోటో తెరిచాను.
అబ్దలీ రోడ్డు అవతల గొర్రెలు కాస్తాడు, రాయచోటి వైపు మనిషి.
వాన పడిన వారం ఎడారిని ఫోనులో తీశాడు.
రెండడుగుల ఫ్రేము కావాలట,
షెడ్డులో తన మంచం పైన మేకు కూడా కొట్టేశాడట.
నేల మీది గడ్డి
పెళ్ళి పందిట్లో ట్యూబులైటులా మండుతోంది.

కాగితానికి అందని రంగులేవో చూపమని మీట నొక్కాను.
గడ్డి మొత్తం ఒక్కసారి బూడిదైపోయింది.
గొర్రెలు మాత్రం ఆ బూడిదనే మేస్తూ
తలలు ఎత్తకుండా.

రాత్రి రెండింటి దాకా
ఆ పచ్చను కొంచెం పసుపు వైపు జరిపి, కొంచెం ఆర్పి,
వెంట్రుకవాసి చొప్పున వెనక్కి పిలిచాను.
కొంతే వచ్చింది.

శుక్రవారం గడ్డిమోపుల పికప్పులో దిగాడు.
సర్దిచెప్పే మాటలు వరుసగా పెట్టుకున్నాను:
అన్నా, కాగితం వేరు, ఫోను వేరు, సిరాకు ఒక హద్దుంటుంది...

వినలేదు. ఫ్రేము ఎత్తుకుని
తలుపు బయటికి పోయాడు, ఎండలోకి,
నేను ఎనిమిదేళ్ళుగా పరదా వేసిన ఎండలోకి.
చాలాసేపు చూశాడు.

"ఇంతే సామీ పచ్చ.
దీనికే ఉరికినాయి అవి.
ఫోనే ఎక్కువ జేసి సూపిచ్చింటాది."

తర్వాత ఎడమ మూలన ఉన్న నల్లదాన్ని
బొటనవేలితో తాకి,
"ఇది మొన్న సచ్చిపాయ.
నలుపు బాగ పడింది" అన్నాడు.

పదహారు నలుపుల్లో
అది కింది నుంచి మూడోది.
చెప్పలేదు.