రెండు తక్కువ

బుధవారపేటలో జిరాక్సు అంగడి మిద్దె మీద
ఆదివారం, కరెంటు లేదు.
బేతంచెర్ల నాపబండ చుట్టూ నలుగురం.
ఉగ్గాని కట్టించుకొచ్చిన కాగితం వెనకే పటం గీసినాను:
అడవి, వాగు, వాగు దాటితే గుహలు.
నూనె అంటిన చోట సముద్రం అనుకున్నాం.

ఆట నాది. రూలుబుక్కు నాది.
మూడు నెలలు రాత్రుళ్లు కూచొని రాసినాను,
ఒక్కో జాతికి ఒక్కో పేజీ.
వెన్నెలవాళ్లు: తెల్లగా, పొడుగ్గా, పాట వచ్చు,
బుద్ధి మూడు ఎక్కువ.
గుహవాళ్లు: నల్లగా, పొట్టిగా, పుట్టుకతోనే కోపం.
దొంగతనం నాలుగు ఎక్కువ.
బుద్ధి రెండు తక్కువ.

మద్దిలేటి ఆ పేజీ మీద వేలు పెట్టి
శానాసేపు చదివినాడు.
"ఈ నాలుగు ఎక్కువ మా అబ్బకు గూడా ఇచ్చినార్లే.
ఆత్మకూరు కాడ, సెటిల్‌మెంటులో.
పుట్టినప్పుడే రాసుకునేటోళ్లంట.
పొద్దుగూకితే బొటనవేలి ముద్ర,
నడిరేయి పేరు పిలిస్తే పలకాల.
పలక్కపోతే యాడో కన్నం పడినట్టే లెక్క."

కాశింబీ టీ గ్లాసు తిప్పుతా కూచుంది.

నాకు బెజవాడ హాస్టలు గుర్తొచ్చింది.
మొదటి రోజు, పెట్టె ఇంకా కింద పెట్టకముందే
"కర్నూలా? బాంబులు ఏ అరలో ఉన్నాయ్?"
వాళ్లతో పాటు నేనూ నవ్వినాను.
రెండేండ్లు నవ్వుతానే ఉన్నాను.
ఆ నవ్వు యాడికీ పోలేదు,
వచ్చి ఈ పేజీలో కూచుంది.

"చెరిపేస్తాలే" అని రబ్బరు తీసినాను.
"ఉండనీ. ఆడదాం" అన్నాడు.
గుహవాళ్ల పిల్లనే ఎంచుకున్నాడు.
పేరు సుంకులి.
వాగులో నీళ్లు ముంచుకుంటా ఉంది.
అవతల గట్టున ఇద్దరు వెన్నెలవాళ్లు
రూలు ప్రకారం బాణాలు ఎక్కుపెట్టినారు.
"సుంకులి మాట్లాడుతుంది" అన్నాడు.
"ఏ భాషలో?" అనబోయి ఆగినాను.
గుహవాళ్లకు భాష రాయడమే మర్చిపోయినాను.

ఇరవై ముఖాల పాచిక
నాపబండ మీద గలగలా దొర్లి
అంచు కాడ ఆగింది.
పదమూడు!
పన్నెండు చాలు వాళ్లు వినడానికి.
కానీ రెండు తీసేయాల.
పదకొండు.

కాశింబీ బాణం దించలేదు.
"రూలు రూలే కదా" అంది, ఎవర్నీ చూడకుండా.

మద్దిలేటి పాచికను చేతిలోకి తీసుకొని
ఊదినాడు, దుమ్మేదో అంటినట్టు.
"సరేలే సామీ. ఒకటి అడుగుతా.
ఆ తీసేసిన రెండూ
ఇప్పుడు ఎవరి దగ్గరుండాయి?"

అప్పుడే కరెంటొచ్చింది.
కింద జిరాక్సు మిషను గుర్రుమని లేచింది.
పొద్దున నేనిచ్చిన పేజీలు,
ఇంకా ఇరవై కాపీలు.